పద్నాలుగో సెట్టు

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ రోజుకొక పేజీ చొప్పున డైరీ రాశాను. ఏ ఊరికి ఏ వేళకు చేరాను, ఎన్ని వైర్‌లెస్ సెట్లు చూశాను, ఎన్ని బాగుపడ్డాయి, ఏ వేళకు తిరుగు ప్రయాణమయ్యాను అన్న వివరాలు తప్ప అందులో మరేమీ ఉండవు. ఒకసారి నా భార్య నాలుగైదు పుస్తకాలు తిరగేసి, "ఇన్నేళ్ల రాతలో ఒక్క మనిషి కూడా లేడే!" అని ఆశ్చర్యపోయింది. ఆమె గమనించని పేజీ ఒకటుంది. అందులో నీలం సిరాతో నేను రాసిన ఒక వాక్యాన్ని, మరునాడు నేనే ఎర్రసిరాతో కొట్టేశాను. నా డైరీల్లో కొట్టివేత ఉన్న పేజీ అదొక్కటే.

అనుకున్నదానికంటే నాలుగేళ్లు ముందుగానే ఉద్యోగం విరమించుకున్నాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవారు అప్పుడప్పుడు ఫోన్ చేసి సలహాలు అడుగుతుంటారు. వారికి ఆ పేజీ కథ చెప్పడం కంటే మంచి సలహా నా దగ్గర లేదు.

మా విభాగం పని క్లుప్తంగా చెబుతాను. తీరం వెంబడి ఊళ్లలో పడవలకు చేతిలో పట్టుకుని మాట్లాడే సెట్లు ఉంటాయి. ఏ మీట ఏ ఛానెల్‌కు వెళ్లాలో, ఎంత శక్తితో పలకాలో సెట్టుకు చెప్పే ఒక పట్టిక దాని జ్ఞాపకంలో ఉంటుంది. కేబుల్ పెట్టి ఆ పట్టికను ల్యాప్‌టాప్‌లోకి చదువుకోవచ్చు. ల్యాప్‌టాప్ నుంచి సెట్టులోకి రాయవచ్చు. చదివితే సెట్టుకు ఏమీ కాదు. రాస్తే పాతది పోయి కొత్తది వచ్చి కూర్చుంటుంది. అందుకే ఈ పనిలో మొదటి నియమం ఒకటుంది: రాయబోయే ముందు చదివి, చదివినదాన్ని భద్రపరచాలి. ఈ నియమాన్ని నేను ఎందరికో నేర్పాను. నేర్పేవాడికి అది వర్తించదన్న భ్రమ నాకు ఎప్పుడు కలిగిందో మాత్రం డైరీలో నమోదు కాలేదు.

ఆ ఊరు విడవలూరు దాటి తూర్పుకు వెళ్తే, రొయ్యల గుంటలు, సరుగుడు తోటలు ముగిసిన చోట ఉంటుంది. పదమూడు పడవలు. పడవకొకటి చొప్పున పదమూడు సెట్లు, ఒడ్డున ఉండి మాట్లాడేందుకు మరొకటి, మొత్తం పద్నాలుగు. వేసవి వేట నిషేధం ముగిసే ముందురోజు, కొత్త ఛానెళ్ల జాబితా తీసుకుని అక్కడికి వెళ్లాను. పక్క ఊరివాళ్లు మాట్లాడే ఛానెల్‌లోనే వీళ్లూ మాట్లాడుతూ ఒకరి మాట ఒకరికి అడ్డుపడుతున్నారని ఫిర్యాదు. ఊరి సొంత ఛానెల్ అలాగే ఉంచి, మిగిలినవి మార్చాలి. రెండు గంటల పని అని అంచనా వేసుకున్నాను.

తుఫాను షెల్టరు కింది గదిలో బల్ల వేశారు. ఉదయం తొమ్మిదిన్నరకు సెట్లు బల్ల మీదికి వచ్చాయి. లెక్కపెట్టాను: పదమూడు.

"ఇంకొకటేదీ?" అని అడిగాను.

ఊరి పెద్దకాపు బల్ల అవతల నిలబడి ఉన్నాడు. ఊరి కట్టుబాట్లు చూసేది ఆయనే. నా వయసువాడే. తల గోక్కుంటూ, "అది మా వదిన కాడ ఉండాది సారూ. ఒడ్డుసెట్టు. అడిగితే ఇయ్యననింది" అన్నాడు.

"ఎందుకు?"

"ఎందుకని అడిగే ధైర్యం మా ఇంట్లో ఎవురికీ లేదు సారూ."

ఆ వదినగారు గుమ్మంలోనే ఉన్నారు. అరవై ఏళ్లుంటాయి. పడవలు సముద్రం మీద ఉన్నంతసేపూ ఒడ్డున కూర్చుని సెట్టులో జవాబు చెప్పేది ఆమే. ఊరంతా ఆమెను అక్క అనే పిలుస్తుంది. నేనూ అలాగే పిలిచాను.

"అక్కా, అన్నీ ఒక్కసారే అయితే పని సుళువు. తెచ్చివ్వండి."

"మిగతా పదమూడూ చేయండి సారూ. నాది రేపు పడవలు తిరిగొచ్చినాక ఇస్తా."

నేను డైరీ తీసి నీలం సిరాతో ఒక వాక్యం రాశాను: 'ఒక సెట్టు అప్పగించలేదు, ఒడ్డున సెట్టు చూసే మనిషికి బాధ్యత తెలియదు.' రాసి, ఆమెకు కనిపించేలా కొంచెంసేపు తెరిచి ఉంచాను. ఆమెకు చదవడం రాదని తరువాత తెలిసింది.

సెట్లు చూడగానే నాకు చిరాకు కలిగింది. పదమూడింటిలో ఐదింటికి యాంటెన్నా మొదట్లో ఎర్రటి వలదారం చుట్టి ఉంది. ఉప్పునీటికీ చేపల పొలుసుకూ ఆ దారం నల్లబడి, బిరుసెక్కి ఉంది. నా సంచిలో అచ్చు వేయించిన అంకెల చీటీలున్నాయి. ఒక్కో సెట్టుకూ ఒక్కో అంకె అతికించి, ఆ అంకెలతోనే డైరీలో నమోదు చేస్తే ఎంత అందంగా ఉంటుందో ముందురోజే ఊహించుకున్నాను. చిన్న కత్తెర తీసి దారాలు కత్తిరించడం మొదలుపెట్టాను.

అక్క రెండడుగులు లోపలికి వచ్చింది.

"ఏంది సారూ, దారాలు కోసేస్తా ఉండారు?"

"మురికి పట్టాయక్కా. నంబర్లు వేస్తున్నాను కదా, ఇక దారాలతో పనిలేదు."

"ఎర్రదారం ఊరకే కట్టలేదు సారూ. అయి ముందొచ్చిన…"

"అంతా పుస్తకంలో రాసుకుంటున్నానక్కా" అని ఆమె మాట మధ్యలోనే ఆపాను.

ఆమె నా డైరీ వైపూ, నేల మీద పడిన దారాల వైపూ చూసింది. "పుస్తకం తడిస్తే ఏం జేస్తారో ఏమో" అని గొణుక్కుంటూ వంగి, ఐదు దారాలూ ఏరుకుని కొంగున ముడేసుకుంది. ఆ చాదస్తానికి నాలో నేను నవ్వుకున్నాను.

ఆమె పూర్తి చేయనివ్వని వాక్యంలో ఏముందో ఇప్పుడు చెబుతాను. ఆ ఊరికి సెట్లు రెండు విడతలుగా వచ్చాయి. పైకి చూస్తే కవలలే. లోపలి బోర్డు మాత్రం వేరు. పాతవాటి పట్టిక అమరిక వేరు, కొత్తవాటిది వేరు. ఈ సంగతి ఊరివాళ్లకు ఛార్జర్ల దగ్గర తెలిసింది. కొత్త ఛార్జరులో పెడితే పాతసెట్టు కాలిపోతున్నంతగా వేడెక్కేది. అందుకని ముందొచ్చిన ఆరింటికీ ఎర్రదారం కట్టుకున్నారు. సెట్టును చూడకుండా చేత్తో తడిమినా తెలిసే గుర్తు. బ్యాటరీ తీసి వెనక చీటీ చూసి ఉంటే నాకూ తెలిసేది. ఉప్పుగాలికి ఆ చీటీలు సగం చెరిగిపోయి ఉంటాయని, చూడటం దండగనుకున్నాను.

ఒక కొత్తసెట్టు పట్టికనే నమూనాగా తీసుకుని, అందులో కొత్త ఛానెళ్లు చేర్చి, అన్నింటిలోనూ అదే రాయడం మొదలుపెట్టాను. ఒక్కొక్కదాన్నీ విడిగా చదివి భద్రపరచాలన్న నియమం గుర్తుంది. అన్నీ ఒకటే అయినప్పుడు పదమూడుసార్లు అదే పని ఎందుకన్న ప్రశ్న కూడా వచ్చింది. నాలుగో సెట్టు దగ్గర తెర మీద ఒక హెచ్చరిక కనిపించింది: నమూనా సరిపోవడం లేదు, కొనసాగించాలా? ఆ ప్రోగ్రామ్ చీటికీమాటికీ ఏదో ఒకటి అడుగుతూనే ఉంటుంది. సరే అన్నాను. అలా ఐదుసార్లు అడిగింది, ఐదుసార్లూ సరే అన్నాను.

ఆ రోజు నేను మరొక ఘనకార్యం కూడా చేశాను. ఒక్కొక్క సెట్టూ రాసిన వెంటనే వెలిగించి చూడడం మాని, రాత అంతా ఒకేసారి, పరీక్ష అంతా ఒకేసారి అని పద్ధతి పెట్టుకున్నాను. దానివల్ల ఇరవై నిమిషాలు కలిసివస్తాయని లెక్క. ఆ పద్ధతి లేకపోతే ఒక్క సెట్టుతో బయటపడేవాణ్ణి.

పన్నెండు గంటల పది నిమిషాలకు పరీక్ష మొదలైంది. ఎనిమిది సెట్లు కిర్రుమని పలికాయి. ఐదు పలకలేదు. మీట తిప్పితే దీపం లేదు, చప్పుడు లేదు, తెర లేదు. బ్యాటరీలు మార్చాను. ఛార్జరులో పెట్టి తీశాను. ఇంకేమీ తోచక జేబురుమాలుతో తుడిచాను కూడా.

పెద్దకాపు నా భుజం మీదుగా చూస్తున్నాడు. "నిద్ర పోతా ఉండాయా సారూ?"

"చిన్న సమస్య" అన్నాను.

"ఎంత చిన్నది?"

"ఐదు సెట్లు పనిచేయడం లేదు."

ఆయన ముఖంలో నవ్వు పోయింది. ఏడాది క్రితం ఒక పడవ తెల్లవారుజామున మంచులో ఇంజను ఆగి కొట్టుకుపోయింది. అందులో సెట్టు చెడిపోయి ఉంది. ఊరు మొత్తం ఒకటిన్నర రోజు వెతికితే, దక్షిణంగా ఎక్కడో ఒడ్డుకు చేరిన ముగ్గురూ క్షేమంగా దొరికారు. ఆ వారమే ఊరు కూర్చుని కట్టుబాటు చేసుకుంది: మాట్లాడే సెట్టు లేకుండా ఏ పడవా అలలు దాటకూడదు, మంచి సెట్టు ఉన్నవాళ్లు లేనివాళ్లను ఒడ్డున వదిలి పోకూడదు. పోతే పదమూడూ పోవాలి, లేకపోతే ఒక్కటీ కదలకూడదు.

"రేపు తెల్లారి పైనా కిందా ఊళ్లన్నీ దిగతాయి సారూ" అన్నాడాయన మెల్లగా. "రెణ్ణెల్లు ఒడ్డున కూర్చోని ఉండాం. మొదటిరోజు మేం ఒక్కరమే ఇసకలో నిలబడి వాళ్ల పడవలు చూడాలంటే…"

కోపం లేకుండా చెప్పిన ఆ మాట నన్ను ఎక్కువ బాధించింది. కిటికీలోంచి చూస్తే పడవలన్నీ కొత్త రంగులతో వరసగా ఉన్నాయి. ఒక పడవ ముక్కుకు అప్పటికే బంతిపూల దండ కట్టారు.

మా విభాగంలో నాకు పని నేర్పిన పెద్దాయన ఒకరున్నారు. అప్పటికే విరమణ చేసి నెల్లూరులో మనవరాలితో కేరమ్స్ ఆడుకుంటున్నారు. నాకు తోచిన దారి ఆయనొక్కరే. అయితే కింది గదిలో ఫోనుకు సిగ్నలు లేదు. షెల్టరు మేడమీదే దొరుకుతుంది. ముప్పై నాలుగు మెట్లు ఎక్కి ఫోన్ చేశాను. జరిగింది చెప్పాను.

"ఒరేయ్, హెచ్చరిక వచ్చిందా?"

"వచ్చిందండీ."

"ఏం చేశావ్?"

"సరే అన్నానండీ."

"ఎన్నిసార్లు?"

"ఐదుసార్లు."

అవతల కేరమ్ కాయ ఏదో గుంటలో పడిన చప్పుడు వినిపించింది. తరువాత ఆయన నవ్వు. ఆ నవ్వు ఆగేదాకా ఎండలో నిలబడ్డాను.

"చావలేదురా అవి. మూర్ఛపోయాయంతే" అన్నారు చివరికి. "పక్కనున్న రెండు మీటలూ కలిపి నొక్కిపట్టి, అలాగే పైమీట తిప్పు. ఎర్రదీపం వెలిగి ఆరకుండా ఉంటే తలుపు తెరుచుకున్నట్టు. అప్పుడు కేబుల్ పెట్టి దాని సొంత పట్టిక దాన్లో రాయి, లేచి కూర్చుంటుంది. పాతవాటి పట్టిక నీ దగ్గరుందిగా?"

ఫోను ఈ చెవినుంచి ఆ చెవికి మార్చుకున్నాను.

"చదివి పెట్టుకోలేదా?"

"లేదండీ."

ఈసారి ఆయన నవ్వలేదు. "అయితే అదే రకం మంచి సెట్టు ఒకటి కావాలి. ఆ రకం మనవైపు రావడం మానేసి చాలా కాలమైంది. ఆఫీసులో లేదు. ఎల్లుండికైతే ఎక్కడినుంచైనా తెప్పిస్తారేమో."

ఎల్లుండి. దిగేటప్పుడు కూడా మెట్లు లెక్కపెట్టాను; కాళ్లకు ఏదో ఒక పని ఉండాలి కదా. కిందికి వచ్చి, దాచడానికేమీ మిగలలేదు కనుక, ఉన్నదున్నట్టు చెప్పాను. తప్పు సెట్లది కాదని, నాదేనని చెప్పాను. పాతరకంలో మంచి సెట్టు ఒక్కటుంటే సాయంత్రానికల్లా ఐదింటినీ లేపగలనని, ఆ ఒక్కటే లేదని చెప్పాను.

పెద్దకాపు నేలచూపులు చూశాడు. గుమ్మం దగ్గరనుంచి అక్క గొంతు వినిపించింది.

"పాతరకమంటే ఎర్రదారందేనా సారూ?"

"అవునక్కా."

"దాన్ని పాడుచెయ్యకుండా పని జరగతాదా?"

"చదువుకుంటే చాలు. దానిలో ఏమీ రాయను."

ఆమె గుమ్మం దిగి ఇంటివైపు వెళ్లింది. పది నిమిషాల్లో తిరిగివచ్చింది. చేతిలో బియ్యం డబ్బా. అందులోంచి, గుడ్డలో చుట్టిన సెట్టు తీసింది. యాంటెన్నాకు ఎర్రదారం. తిప్పితే కిర్రుమంది.

ఆ చప్పుడు వినగానే పెద్దకాపు, "మా వదిన! మా వదినమ్మ!" అని గంతేసినంత పనిచేశాడు.

"చాల్లే అబ్బయా. పొద్దున నా మింద సారుకి చాడీలు చెప్పింది నువ్వే గదా."

"చాడీలు కాదు వదినా, ఉన్నమాటే చెప్పినా!"

ఎందుకు ఇవ్వనన్నారని అప్పుడడిగాను. పొద్దున అడగవలసిన ప్రశ్న అది. ఆమె సెట్టును వదలకుండానే జవాబు చెప్పింది.

"వల చినిగితే బాగుచేసేటప్పుడు అదే రకం మంచి వల ఒకటి పక్కన పెట్టుకుంటాం సారూ. కన్ను ఎంత కొలత, ముడి ఎట్టా వేసినారు, తెలవకపోతే దాన్ని చూసి అల్లుకుంటాం. ఉన్న వలలన్నీ ఒకేసారి ఇప్పేసుకుంటే దేన్ని చూసి కట్టేది? మా అమ్మ కొట్టి నేర్పింది. మీరేమో అన్నీ తెమ్మంటిరి. పని తెలిసినోళ్లు అట్టా అడగరే అనుకున్నా."

ముప్పై ఏళ్లకు పైగా నేను ఇతరులకు నేర్పిన నియమాన్ని ఆమె నాలుగు ముక్కల్లో చెప్పింది. ఏ ఊళ్లోనూ ఏ సెట్టు దగ్గరా ఎవరూ నన్ను ఇంత సరిగ్గా అంచనా వేయలేదు.

ఆమె షరతు ఒక్కటే. పక్కనే కూర్చుంటుంది, ఏ మీట నొక్కబోతున్నానో ముందు చూపించాలి. తెర మీద రెండు బొమ్మలుంటాయి. ఒకదానిలో బాణం సెట్టు నుంచి కంప్యూటరుకు. మరొకదానిలో కంప్యూటరు నుంచి సెట్టుకు. రెండూ వివరించాను. ఆమె వేలితో మొదటిదాన్ని చూపింది. "నా సెట్టు పెట్టినంతసేపూ ఇదొక్కటే. అది ముట్టుకుంటే చెయ్యి విరగ్గొడతా."

"అలాగే అక్కా."

చదివాను. భద్రపరిచాను. మరో చోట భద్రపరిచాను. పెన్‌డ్రైవులోనూ భద్రపరిచాను. "ఎన్నిసార్లు దాస్తావు?" అందామె. "మూడుసార్లు" అన్నాను. "ఇప్పుడు దారికొచ్చినావు" అంది. అప్పటివరకు మీరు అన్న మనిషి నువ్వు అనడం మొదలుపెట్టిందని గమనించాను. మర్యాద తగ్గిందని నాకనిపించలేదు.

ఆ పట్టికలోనే కొత్త ఛానెళ్లు చేర్చి సిద్ధం చేశాను. ఇక మూర్ఛపోయిన సెట్టును లేపాలి. రెండు మీటలు నొక్కిపట్టి పైమీట తిప్పాను. ఏమీ కాలేదు. పదిసార్లు ప్రయత్నించాను. పెద్దాయనను మళ్లీ అడగాలి. ల్యాప్‌టాప్ కింద, ఫోను సిగ్నలు పైన, మధ్య ముప్పై నాలుగు మెట్లు.

దారి పెద్దకాపుకు తట్టింది. "మంచి సెట్లు ఎనిమిది ఉండాయి గదా సారూ! ఒకటి నేను పైకి తీసకపోతా. ఫోను పెద్దగా పెట్టి దాని ముందర పట్టుకుంటా. ఆయన చెప్పేది నీకు కింద ఇంకోదాంట్లో వినపడతాది."

అలాగే చేశాం. సెట్లను బాగుచేయడానికి సెట్లనే వాడుకోవడం నా సర్వీసులో అదే మొదటిసారి. నెల్లూరు పెద్దాయన గొంతు ఫోనులోంచి మేడమీదికి, మేడమీదినుంచి ఊరి ఛానెల్‌లో నా బల్ల మీదికి వచ్చింది. అయితే పెద్దకాపు మాట్లాడే మీట వదలడం మరచిపోతున్నాడు. దానివల్ల మాకు పెద్దాయన మాటతోపాటు మేడమీది ప్రసంగం కూడా వినిపించింది.

"సామీ, నువ్వెవరో గాని మా ఊరి ఆడపడుచులు నీకు చేపల పులుసు బాకీ… ఎండ మండిపోతా ఉండాది… వదినా, మంచినీళ్లు పంపించు…"

"మీట వదలరా అబ్బయా!" అని అక్క కింద అరిచింది. పైన వినపడలేదు. చివరికి ఆమె గుమ్మంలోకి వెళ్లి, సెట్టుతో పనిలేకుండా ఒక్క కేక వేసింది. వెంటనే మీట వదిలాడు.

నా మాట పైకి చేరింది, పెద్దాయన అడిగిన ప్రశ్న కిందికి అందింది: "బ్యాటరీ నిండుగా ఉందా? సగం ఉంటే ఆ తలుపు తెరుచుకోదు." చూశాను. రెండు నెలలు వాడకుండా పడి ఉండి అవి సగానికి పైగా దిగిపోయాయి. పాత ఛార్జరు ఏదో అక్క చూపించింది. నిండటానికి గంటన్నర. ఆ గంటన్నరలో నేను మధ్యాహ్నం వదిలేసిన భోజనం చేశాను. పెద్దాయనకు బాకీపడ్డ పులుసు ముందు నాకే చెల్లింది. మామిడికాయ ముక్కలు వేసిన నెల్లూరు పులుసు గురించి ఇక్కడ రాయడం విషయాంతరం. అయినా ఒకటికి రెండుసార్లు వడ్డించారని నమోదు చేస్తున్నాను.

నాలుగు గంటల నలభై నిమిషాలకు మొదటి సెట్టు తీసుకున్నాను. రెండు మీటలు నొక్కి, పైమీట తిప్పాను. ఎర్రదీపం వెలిగింది. ఆరలేదు. కేబుల్ పెట్టి, రెండో బొమ్మ మీదికి బాణం తెచ్చి, అక్క వైపు చూశాను. ఆమె తన సెట్టు ఒళ్లో భద్రంగా ఉందో లేదో తడిమి చూసుకుని, "ఊ" అంది.

నొక్కాను. తెర మీద గీత మెల్లగా నిండింది. కేబుల్ తీసి, ఆపి, మళ్లీ వెలిగించాను.

కిర్రుమంది.

ఆ చప్పుడును ఏళ్ల తరబడి వింటున్నాను. అది ఇంపుగా ఉంటుందని ఆ సాయంత్రమే తెలిసింది. పులుసు వడ్డించి గదిలోనే ఉండిపోయిన ఆడవాళ్లు పెళ్లిలో తలంబ్రాలప్పుడు అరిచినట్టు అరిచారు. మేడమీదినుంచి పెద్దకాపు, "ఏమైంది? ఎవురన్నా చెప్పండి! నేనిక్కడ ఒక్కణ్ణే ఎండిపోతా ఉండా!" అని ఛానెల్‌లో మొరపెట్టుకున్నాడు. అప్పుడే లేచిన సెట్టును అక్క నా చేతిలోంచి లాక్కుని, మీట నొక్కి, "లేచింది అబ్బయా. ఎండింది చాల్లే, దిగిరా" అంది. ఆ సెట్టు పలికిన మొదటి మాటలు అవే.

ఒక్కొక్కటీ రాసిన వెంటనే వెలిగించి, పలికించి, తరువాతే ఇంకొకటి తీసుకున్నాను. ఆరు గంటల ఐదు నిమిషాలకు ఐదోది పలికింది. నేను సామాను సర్దుకుంటుంటే అక్క కొంగుముడి విప్పి, పొద్దున నేను కత్తిరించిన దారాలు బల్ల మీద పెట్టింది. కట్టడానికి పొడవు చాలవు. ఆమె నవ్వి, ఇంట్లోంచి కొత్త ఎర్రదారం తెప్పించింది. ఐదింటికీ నేనే కట్టాను. నా ముడి చూసి ఆమె ఐదూ విప్పి తిరిగి కట్టింది.

ఆ సాయంత్రం తిరిగి వెళ్లే బండి ఉంది. వెళ్లలేదు. తెల్లవారి అలల దగ్గర సెట్లు ఎలా పలుకుతాయో చూడాలన్నది డైరీలో రాసిన కారణం.

తూర్పు తెలుపెక్కుతుండగా పడవలు దిగాయి. ఒక్కో పడవనూ పదిమంది భుజాలు ఆనించి ఇసుకలో తోశారు. నేనూ ఒకదానికి భుజం ఆనించాను. నా వల్ల అది ఎంత కదిలిందన్నది లెక్కకు అందదు. ప్యాంటు మోకాళ్లదాకా తడిసింది. మొదటి పడవ తెల్లటి నురగ మీదికి లేచి, ఒక్క క్షణం నిలువుగా నిలబడినట్టయి, అవతలికి జారింది. తరువాత రెండోది, మూడోది. పదమూడూ దాటాక ఇంజన్ల చప్పుడు దూరమైంది. అక్క ఇసుక మీద బోర్లించిన తొట్టె మీద కూర్చుని సెట్టు చెవి దగ్గర పెట్టుకుంది. ఆమెను సముద్రం మీద పిలిచే పేరు ఒడ్డు.

"ఒడ్డూ, ఒడ్డూ."

"ఒడ్డు వింటా ఉండాది. చెప్పు."

"అక్కా, మేం దాటినాం. సెట్టు గంటలాగా ఉండాది."

ఒకరి తరువాత ఒకరు పలికారు. నేను డైరీ తెరిచి ఒక్కో పిలుపుకూ ఒక్కో గీత గీశాను. ఎర్రదారం సెట్లలో ఒకదాన్నుంచి, "అక్కా, నిన్న మా సెట్టుని చంపిన సారు ఉండాడా, పోయినాడా?" అని ఎవరో అడిగారు.

అక్క సెట్టు నా నోటి దగ్గర పెట్టింది.

"ఉన్నాను" అన్నాను. "వింటున్నాను."

"ఏం కాదులే సారూ! మొదటి చేప నీకే!"

పదమూడో గీత గీసి, పేజీ వెనక్కి తిప్పాను. ముందురోజు రాసిన నీలం వాక్యాన్ని ఎర్రసిరాతో కొట్టేశాను. కింద రాశాను: 'పద్నాలుగో సెట్టు అప్పగించనందువల్ల మిగిలినవి దక్కినవి.' ఆఫీసుకు రాసిన నివేదికలోనూ తప్పు నాదేనని, దిద్దుబాటుకు కారణం ఆ ఊరి మనిషేనని స్పష్టంగా రాశాను. పై అధికారి పిలిచి, అంత వివరంగా రాయడం అవసరమా అని అడిగారు. ఎంతో అవసరమన్నాను. పెద్దాయనకు పులుసు మాత్రం నేనే స్వయంగా క్యారియరులో తీసుకువెళ్లి ఇచ్చాను. తిన్నంతసేపూ, "ఐదుసార్లా!" అని నవ్వుతూనే ఉన్నారు.

నా స్థానంలో ఇప్పుడొక చురుకైన అమ్మాయి పనిచేస్తోంది. పద్ధతి తెలిసినది, నాకంటే చక్కగా రిజిస్టర్లు రాస్తుంది. కిందటి నెల ఆ ఊరినుంచే ఫోన్ చేసింది. షెల్టరు మేడమీదినుంచే అయి ఉండాలి, గాలి హోరు వినిపించింది.

"సార్, వీళ్లవి పద్నాలుగు సెట్లుండాలి కదా? పదమూడే ఇచ్చారు. ఒక పెద్దావిడ ఎంత అడిగినా ఇవ్వనంటోంది. ఏం రాయమంటారు?"

"ఎన్ని ఉన్నాయన్నావు?"

"పదమూడు సార్."

"అయితే అన్నీ వచ్చాయని రాయి" అన్నాను.